దీపం ఎదుట జలపాతం

ఆ ఆదివారానికి తోవాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బాత్‌చాంగ్ కుమ్మరివాడ నుంచి పింగాణీ చిత్రం వస్తుంది. తొమ్మిదికల్లా హాల్లో గోడకెక్కుతుంది. పదకొండింటికి గృహప్రవేశం భోజనాలకు చుట్టాలు దిగుతారు. ఈ మధ్యలో దొరికే రెండు గంటలూ కుర్చీ వేసుకుని, పచ్చటి తేనీరు తాగుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ చిత్రం ఎదుట కూర్చోవాలి. అంతే. యాభై ఏడేళ్ల మనిషి ఇంతకన్నా తక్కువ కోరుకోవడం కష్టం.

ఆయన ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. హనోయ్ నుంచి కొండలకు సిమెంటు, కొండల నుంచి హనోయ్‌కి వెదురు. చెవుల నిండా ఇంజను మోతే. ఒక్క చోట మాత్రం, ఘాట్ రోడ్డు మూడో మలుపులో, రేడియేటర్‌కి నీళ్లు పట్టుకోవడానికి బండి ఆపేవాడు. అడవిలోకి నలభై అడుగులు నడిస్తే ఒక జలపాతం. నీళ్లు దూకేవి కావు, నాచు మీదుగా జారేవి. చప్పుడుండేది కాదు. అక్కడ రాతి మీద కూర్చుని, నువ్వులపొడి అద్దుకుంటూ అన్నం ముద్ద తిని, మళ్లీ మోతలోకి వెళ్లేవాడు. కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు భార్య న్యాన్ టైల్స్ ఎంచుకుంది, రంగులు ఎంచుకుంది, వంటగట్టు ఎంచుకుంది. తోవాన్ అడిగింది హాల్లో ఒక్క గోడ.

బాత్‌చాంగ్‌లో లూంగ్ అనే పనివాడికి ఆ జలపాతం ఎలా ఉంటుందో చేతులు తిప్పి చెప్పాడు. లూంగ్ మట్టి పలకల మీద గీసి, బట్టీలో కాల్చి చూపించాడు. "బాగుంది, కానీ ఇంకా చప్పుడు వినిపిస్తోంది" అన్నాడు తోవాన్. రెండోసారి కాల్చినా అదే మాట. ఈయన్నే బట్టీలో పెట్టి కాలుద్దామా అనుకున్నాడు లూంగ్. మూడోసారి చూసి తోవాన్ కళ్లు తుడుచుకున్నాడు. చిత్రం కుదిరిందని లూంగ్‌కి అర్థమైంది.

అలాంటి చిత్రం ఆ ఉదయం అనుకున్న వేళకే వచ్చింది. పన్నెండు పలకలూ గోడకు అతికించి, సందులు పూడ్చి, పనివాళ్లు వెళ్లిపోయారు. తోవాన్ కుర్చీ వేసుకున్నాడు. తేనీరు పోసుకున్నాడు. ముదురాకుపచ్చ అడవి, మధ్యలో పాలపూతలా జారే నీరు. మొదటి గుక్క గొంతు దిగకముందే గుమ్మంలో వదినగారి గొంతు వినిపించింది.

న్యాన్ అక్క బిక్, బంకబియ్యం పొంగలి పళ్లెంతో లోపలికి అడుగు పెట్టి, గోడను చూసి ఆగిపోయింది. "ఇదేమిటే న్యాన్, హాల్లో ఇన్ని నీళ్లు!"

"దిక్కు చూసుకునే పెట్టించానక్కా. నీళ్లు వీధివైపు పోవడం లేదు, ఇంట్లోకే వస్తున్నాయి."

"దిక్కు చూశావు సరే, మొగుణ్ణి చూశావా? మరిదిగారు పుట్టింది ఏ జంతువు ఏడాదిలో?"

"పాము."

"ఆ పాము ఏడాదిది నిప్పు జాతకం. అందులోనూ దీపం నిప్పు! కొలిమి నిప్పయినా కాదు. ఇంతోటి దీపం ఎదురుగా అంతోటి జలపాతమా తల్లీ!"

సరిగ్గా అప్పుడే తోవాన్ తుమ్మాడు.

"అదిగో, మొదలైంది" అంది బిక్.

"సిమెంటు దుమ్ము వదినా."

"దుమ్ము మాకూ ఉంది. మేం తుమ్మామా?"

న్యాన్ ముఖం పాలిపోయింది. ఆమెకు మొగుడంటే ప్రాణం. ప్రాణం కాబట్టే ఆయన మాట వినదు. పక్కింటి వూంగ్ మాస్టారికి కబురంపింది. మాస్టారు ఒకప్పుడు బళ్లో లెక్కలు చెప్పేవాడు, పదవీ విరమణ తర్వాత జాతకాల్లోకి దిగాడు. ఇందులో జవాబు తప్పినా ఎవరూ నిలదీయరని ఆయనకిదే ఎక్కువ నచ్చింది. వచ్చి, కళ్లజోడు సర్దుకుని, చిత్రాన్నీ తోవాన్‌నూ మార్చి మార్చి చూశాడు.

"ప్రమాదమే. కానీ విరుగుడుంది. నీరు చెట్టును పెంచుతుంది, చెట్టు నిప్పును పెంచుతుంది. మధ్యలో ఒక చెట్టుంటే సరి."

"చిత్రం నిండా అడవే కదా మాస్టారూ" అన్నాడు తోవాన్ ఆశగా.

"అవి పింగాణీ చెట్లు. పింగాణీ అంటే మట్టి."

"మట్టయితే మరీ మంచిది. నీళ్లకు కట్ట మట్టితోనే కదా వేస్తారు?"

మాస్టారు ఆలోచనలో పడ్డాడు. తోవాన్ గెలిచాననుకున్నాడు. "నిజమే సుమా" అన్నాడు మాస్టారు చివరికి. "చెట్టుతో పాటు మట్టి కూడా కావాలి."

ఇంకేముంది! మూడో అంతస్తు డాబా మీదున్న కమలా చెట్టు తొట్టి మెట్ల మీదుగా దిగింది. మోసింది దీపం జాతకుడే. వంటింట్లోంచి ఆవాకు ఊరగాయ మట్టి జాడీలు రెండు వచ్చి జలపాతం కింద కట్టలా కూర్చున్నాయి. హాలంతా పులుపు వాసన. అది చాలదని, దీపానికి బలం రావాలంటే ఎరుపు ఉండాలంది బిక్. కొత్త సంవత్సరం టెట్ పండగ పెట్టె దించి ఎర్ర లాంతర్లన్నీ వేలాడదీశారు. వాటిలో ఎర్ర బల్బులు వెలిగించారు. ఆఖర్న ఫుట్‌బాల్ పోటీలకు కొన్న పసుపు నక్షత్రం ఎర్ర బనీను తెచ్చి తోవాన్‌కు తొడిగారు. బొజ్జ దగ్గర నక్షత్రం సాగిపోయింది.

"నాకు ఉక్కపోస్తోందే" అన్నాడు తోవాన్. మరి అది జూన్ నెల.

"చూశారా మాస్టారూ, నీళ్లు ఒంట్లోంచే కారిపోతున్నాయి" అంది బిక్.

పాపం మనిషి ఉక్కకు అల్లాడుతున్నాడని న్యాన్ ఏసీ వేసింది. వంటింట్లో రెండు అన్నం కుక్కర్లు ఉడుకుతున్నాయి, హాల్లో ఏడు ఎర్ర బల్బులు వెలుగుతున్నాయి. టప్పున ఫ్యూజు పోయింది. ఏసీ ఆగింది, కుక్కర్లు ఆగాయి, ఏడు దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి. అటూ ఇటూ ఇళ్లు కమ్మేసిన సన్నటి ఇంట్లో, వీధి గుమ్మంలోంచి వెలుతురు సోకే చోటు ఒక్క ఆ గోడే. దాని మీద జలపాతం తెల్లగా, హాయిగా జారుతోంది.

న్యాన్ గొల్లుమంది. "ఆర్పేసింది! నా ఇంటి దీపాన్ని ఆర్పేసింది! తీసేయండి ఏమండీ, మీ కాళ్లు పట్టుకుంటాను, తీసేయండి!"

"అతికించేశారే. తియ్యాలంటే పగలగొట్టాలి."

"అయితే పగలగొడదాం" అని మాస్టారు తన ఇంటికి వెళ్లి సుత్తి పట్టుకొచ్చాడు. లెక్కల మాస్టారి చేతిలో సుత్తి ఎలా ఉంటుందో, తన చేతిలోనూ అలాగే ఉందని ఆయనకే తెలిసి, దాన్ని బిక్‌కి ఇచ్చేశాడు. బిక్ చీరకట్టులో ఉంటే కొంగు బిగించేదే. పొడుగు గౌను కాబట్టి చేతులు పైకి మడిచింది.

తోవాన్ వెళ్లి జలపాతానికి వీపు ఆనించి, చేతులు చాచి నిలబడ్డాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి.

"వదినా, ముందు నన్ను కొట్టు. ముప్పై ఏళ్లు బండి నడిపాను. ఇంజను ఆపి కూర్చున్నది ఈ ఒక్క చోటే. ఇల్లు మీరు కోరుకున్నట్టే కట్టాను, నేనేమన్నా అన్నానా? ఈ గోడ నాది. నేను ఆరిపోతే ఆరిపోతాను, దీని ఎదురుగానే ఆరిపోతాను!"

న్యాన్ ఏడుపు ఆపింది. ఆయన ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం పెళ్లయ్యాక ఇదే మొదలు. జాలేసింది, భయం కూడా వేసింది. ఏది ముందో ఆమెకే తెలియలేదు.

ఆ సమయానికి తోవాన్ తల్లి ఊరి నుంచి ట్యాక్సీలో దిగింది. ఎనభై ఏడేళ్ల మనిషి, నోట్లో తమలపాకు, చంకలో కోడి. లోపల చూస్తే చీకటి, పులుపు కంపు, ఎర్ర బనీనులో కొడుకు గోడకు అతుక్కుని ఉన్నాడు, ఎదురుగా సుత్తితో వియ్యాలవారి ఆడపిల్ల.

"ఇదేం గృహప్రవేశంరా?" అంది ముసలమ్మ.

న్యాన్ వెక్కుతూ అంతా చెప్పింది. పాము ఏడాది, దీపం నిప్పు, జలపాతం. ముసలమ్మ తమలపాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది.

"పామెవడు? వీడా? వీడు గుర్రం."

"అత్తయ్యా, ఆయన కాగితాల్లో పాము ఏడాది ఆఖరి రోజని ఉంది కదా!"

"కాగితం కన్నదా, నేను కన్నానా? టెట్ టపాకాయలు పేలాక పుట్టాడు. ఆ మోతకే వీడు బయటికొచ్చాడు. కొత్త ఏడాది వచ్చేసింది, గుర్రం ఏడాది. కానీ వీళ్ల నాన్నది ఎలుక ఏడాది. ఎలుకకీ గుర్రానికీ ఒక ఇంట్లో పడదని, ఆఫీసుకెళ్లి ఒక రోజు వెనక్కి జరిపి పాము అని రాయించుకొచ్చాడు. నోరెత్తొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

"ఎలుకకి పాముతో మాత్రం పడుతుందా అమ్మా?" అన్నాడు తోవాన్.

"రాయించాక తట్టింది నాయనా. అందుకే నువ్వు పెద్దయ్యేదాకా ఆయన నీకు కొంచెం దూరంగా పడుకునేవాడు."

వూంగ్ మాస్టారు గబగబా ఫోనులో పంచాంగం తిప్పాడు. ఆయన కనుబొమలు నెమ్మదిగా పైకి లేచాయి. "ఆ గుర్రం ఏడాదిది నీటి జాతకం. మామూలు నీరు కూడా కాదు, ఆకాశగంగ! ఈ జలపాతం ఈయన సొంత చుట్టం. ఎవరమ్మా నీటికి అడ్డంగా మట్టి జాడీలు పెట్టింది? తియ్యండి, తియ్యండి!"

పెట్టించింది తనేనన్న సంగతి ఆయనకు గుర్తు లేదు. జాడీలు వంటింటికి, లాంతర్లు పెట్టెలోకి, సుత్తి ఎవరికీ కనబడకుండా బిక్ చేతిసంచిలోకి వెళ్లిపోయాయి. ఫ్యూజు వేస్తే ఏసీ తిరిగింది. తోవాన్ ఎర్ర బనీను విప్పి, చల్లారిన తేనీటి ముందు కూర్చున్నాడు. అంతా సుఖాంతమేనని అందరూ అనుకున్నారు, బిక్ వేళ్లు మడిచి లెక్క కట్టడం మొదలుపెట్టేదాకా.

"అవునే న్యాన్, నీది ఎద్దు ఏడాది కదా. పాముకీ ఎద్దుకీ బ్రహ్మాండంగా కుదురుతుందనే కదా మన నాన్న ఈ సంబంధం ఒప్పుకున్నాడు. మరి గుర్రానికీ ఎద్దుకీ..."

గుర్రానికీ ఎద్దుకీ అసలు పొసగదని ఆ గదిలో తెలియనివాళ్లు లేరు. మాస్టారు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ముసలమ్మ కోడిని నిమురుతూ కూర్చుంది.

న్యాన్ లేచి అక్క వేళ్లను తన గుప్పిట్లో మూసేసింది. "అక్కా, వేళ్లు మడవకు. అత్తయ్యా, ఆ రోజు మీ ఇంట్లో గడియారముందా?"

"గడియారమా! ఇంట్లో చాప తప్ప ఏముందే అప్పుడు?"

"మరి ఆ టపాకాయలు సరైన వేళకే కాల్చారని ఏమిటి నమ్మకం?"

"నమ్మకమేముంది, పక్కింటి పిల్లలు తోచినప్పుడల్లా కాల్చేవాళ్లు."

"అదీ సంగతి" అంది న్యాన్. మొగుడి వైపు తిరిగింది. ముప్పై ఏళ్ల కాపురం, ముగ్గురు పిల్లలు, ఒక్కనాడు అన్నం మాడింది తప్ప చెప్పుకోదగ్గ గొడవ లేదు. "ఏమండీ, హాల్లో మీరు గుర్రం. ఆ బొమ్మ జోలికి ఎవరూ రారు. కానీ వంటింటి గడప దాటారంటే పాము. పడగ్గదిలో కూడా పామే. సరేనా?"

తోవాన్ జలపాతాన్ని చూశాడు, భార్యను చూశాడు. రెండూ తన దగ్గరే ఉన్నాయి, అందులో ఒకటైనా మాట్లాడటం లేదు. "సరే" అన్నాడు తృప్తిగా.

ఆనాటి నుంచి ఎవరైనా పుట్టిన ఏడాది అడిగితే, తోవాన్ తాను ఏ గదిలో ఉన్నాడో చూసుకుని చెబుతాడు.