వంద యూనిట్ల ఇల్లు

ఆ రోజు కండక్టరు గారి కార్యక్రమం చాలా చిన్నది. పదింటికల్లా కరెంటాఫీసుకు వెళ్లి, డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకోవడానికి దరఖాస్తు ఇచ్చి, పదకొండున్నరకు తిరిగి వచ్చి అన్నం వండుకోవాలి. బియ్యం కడిగి, నీళ్లు పోసి, మూతపెట్టి మరీ బయలుదేరాడు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి, ఏ పనికి ఎంతసేపో ముందే లెక్క కట్టుకుంటాడు. రిటైరై ఆరేళ్లయినా వీధిలో అందరూ ఆయన్ని కండక్టరు గారనే పిలుస్తారు, పిలవాల్సిన అవసరం ఎవరికైనా పడితే.

నిజానికి ఆయనకు సోలార్ మీద మోజేమీ లేదు. వచ్చే బిల్లే అంతంతమాత్రం. మూడేళ్ల కిందట భార్య పోయాక ఆ ఇంట్లో వెలిగేది ఒక్క దీపం, తిరిగేది ఒక్క ఫ్యాను. మరి ఈ ముచ్చట ఎందుకయ్యా అంటే, తలుపు సందులోంచి ఎవరో పడేసి వెళ్లిన ప్రభుత్వ పథకం కాగితంలో ఆరో అంశం ఆయన మనసు లాగేసింది. సగం ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందన్నది మొదటి అంశం, లోకమంతా చదివేది అదే. ఆరో అంశం ఏమిటంటే, పలకలు పెట్టిన ఇంటికి ఐదేళ్లపాటు నెలనెలా ఒక మనిషి వచ్చి, వాటిని తుడిచి, అంతా బాగుందా అని యజమానిని అడిగి, సంతకం తీసుకుని వెళ్లాలి. నెలకొక మనిషి, అదీ బాగున్నారా అని అడగడానికి! ఆయన ఆ అంశాన్ని నాలుగుసార్లు చదివాడు. మీరు నవ్వితే నవ్వండి. సాయంత్రాలు పోక, పాత రూటు బస్సెక్కి, టికెట్టు కొనుక్కుని, చివరి స్టాపు దాకా వెళ్లి అదే బస్సులో వెనక్కి వచ్చే మనిషికి అది చిన్న విషయం కాదు.

కరెంటాఫీసులో గుమస్తా దరఖాస్తు చూశాడు, కంప్యూటరు చూశాడు, మళ్లీ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఈ ఇంట్లో మనుషులుంటున్నారాండీ?"

"నేనుంటున్నా."

"నెలకి ఇరవై రెండు యూనిట్లే కాలుతున్నాయి. తాళం వేసిన ఇల్లనుకున్నాం మేము."

గుమస్తా చెడ్డవాడేం కాదు, ఉన్న మాటే అన్నాడు. అయినా ఆ మాట కండక్టరు గారికి చురుక్కుమంది. సంగతేమిటంటే, మూడు నెలల సగటు వంద యూనిట్లు దాటని ఇల్లు పథకం లెక్కలో వాడకంలో లేని ఇల్లు, దానికి సబ్సిడీ రాదు. మూడు నెలలు బాగా వాడి రండి, మా వాళ్లే వచ్చి ఇల్లు చూసి మంజూరు చేస్తారు అని గుమస్తా సలహా ఇచ్చాడు. అతని వెనక గోడ మీద కరెంటు పొదుపు చేయండి అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ గోడను ఆనుకునే కూర్చుని ఎక్కువ కాల్చి రమ్మన్నాడు, పాపం, రూలు అతను రాసింది కాదు.

కండక్టరు గారు ఇంటికి వచ్చి మూడు గదుల్లోనూ లైట్లు వేశాడు, ఫ్యాన్లు తిప్పాడు. అయితే మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆయనకు ప్రాణం ఒప్పలేదు. అందుకని ఒక్కో గదిలో ఇరవై నిమిషాల చొప్పున వంతులవారీగా కూర్చోవడం మొదలుపెట్టాడు. భార్య వాడిన మిక్సీని కిందికి దించి, అందులో ఏమీ వేయకుండానే తిప్పాడు. అది మూడో రోజు పొగ కక్కి చచ్చిపోయింది. దాన్ని తుడిచి మళ్లీ అటక మీద పెడుతుంటే ఆయనకు ఏడుపొచ్చింది. నెలాఖరుకు మీటరు చూస్తే యాభై ఒకటి. తలకిందులుగా తపస్సు చేసినా ఒక్క మనిషి బతుకు వంద యూనిట్లకు రాదని ఆయనకు అర్థమైంది.

పక్క వాటాలో ఒక టైలరమ్మ అద్దెకుంటోంది. మోటారు మిషను నడిపితే మీటరు గిర్రున తిరుగుతోందని ఆమె ఇంటి ఓనరు రోజూ సణుగుతాడు. కండక్టరు గారు అరగంట గుమ్మంలో తచ్చాడి, చివరికి ధైర్యం చేసి, మిషను మా ముందుగదిలో పెట్టుకో అమ్మా, కరెంటు నాది అన్నాడు. ఊరికే వస్తే ఎవరైనా అనుమానించాల్సిందే కదా, ఎందుకన్నయ్యగారూ అని అడిగింది ఆమె. యూనిట్లు తక్కువయ్యాయమ్మా అన్నాడాయన. ఆమెకు ముక్క అర్థం కాలేదు గానీ, మర్నాడు మిషను తెచ్చి కిటికీ దగ్గర వేసుకుంది. మూడేళ్ల తరువాత ఆ ఇంట్లో రెండో మనిషి చప్పుడు వినపడింది. ఆయన ఆ రోజు వేరే గదుల్లో వంతులు కూర్చోవడం మానేశాడు.

టైలరమ్మను చూసి ఇస్త్రీ ఆయన వచ్చాడు. బొగ్గుల పెట్టె మోసీ మోసీ భుజం పోయింది, కరెంటు పెట్టె కొన్నాడు, బండి దగ్గర ప్లగ్గు లేదు. అతన్ని చూసి జెరాక్సు ఆయన వచ్చాడు. వీధి మొగలో లైను పనులు జరుగుతూ అతని కొట్లో రోజుకు నాలుగు గంటలు కరెంటు పోతోంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఇస్త్రీ ఆయనకు నోట్లో నువ్వుగింజ నానదు. బట్టలు ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ, కండక్టరు గారింట్లో కరెంటు ఎంత కాలిస్తే గవర్నమెంటు అంత సంతోషిస్తుందట అని చెప్పాడు. ఆ మాట నాలుగిళ్లు దాటేసరికి, ప్రభుత్వం కండక్టరు గారింట్లో ఉచిత కరెంటు కేంద్రం పెట్టింది అని తేలింది.

ఇక చూడండి. ఫోన్లు ఛార్జింగుకు వచ్చాయి. స్కూటరు బ్యాటరీ ఒకటి వచ్చింది. నీళ్లు కాచుకునే హీటరు కడ్డీతో, బకెట్టుతో సహా ఒకాయన వచ్చాడు. ప్లగ్గులో పెట్టుకోవడానికి ఏమీ లేని ఒక ముసలావిడ ఊరికే వచ్చి ఫ్యాను కింద కూర్చుని, మధ్యాహ్నం దాకా లేవలేదు. అందరూ గుమ్మంలోనే కుక్కుకుని నిలబడ్డారు, లోపల ఇంత చోటుంది. ఆ దృశ్యం చూసి కండక్టరు గారి గొంతు ఆరేళ్ల తరువాత దానంతటదే లేచింది. "లోపలికి జరగండి, లోపలికి జరగండి. అంత ఖాళీ పెట్టుకుని మెట్ల మీద వేలాడతారేం?" జనం జరిగారు. జనం జరగడంలో ఉన్న సుఖం కండక్టరుకే తెలుస్తుంది.

అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ టికెట్టు లేని మనిషి లోపల నిలబడితే ఆయనకు ఒళ్లు కంపరమెత్తుతుంది, అది ముప్పై ఒక్క ఏళ్ల రోగం. పాత క్యాలెండరు కాగితాలు చీటీలుగా చింపి, నంబరు వేసి, పాత టికెట్ పంచ్‌తో చిల్లు కొట్టి, వచ్చిన ప్రతి మనిషికీ ఇవ్వసాగాడు. డబ్బు లేదు, దస్కం లేదు, చీటీ చేతిలో ఉంటే చాలు. రెండు పూటలా పెద్ద గిన్నెడు అన్నం వండుతున్నాడు. ఎవరు తింటారని అడక్కండి, ఎవరో ఒకరు తినేవాళ్లు. బస్సెక్కి చివరి స్టాపుకు వెళ్లడం ఎప్పుడు మానేశాడో ఆయనే గమనించలేదు. మూడో నెల రీడింగు మూడువందల నలభై.

ఆ మంగళవారం పొద్దున పదకొండింటికి మంజూరు కోసం ఇల్లు చూడటానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కండక్టరు గారు తలెత్తి చూసే తీరికలో లేడు. ఇరవై ఏడో నంబరు చీటీ చిల్లు కొట్టి చేతిలో పెట్టి, కిటికీ పక్కన కూర్చోమన్నాడు. ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. అరగంటసేపు కూర్చుని, కుట్టు మిషను, ఇస్త్రీ బల్ల, జెరాక్సు యంత్రం, పదిహేడు ఫోన్లు, ఒక బకెట్టు అన్నీ కాగితం మీద ఎక్కించుకున్నాడు. ఆ తరువాత చీటీ ఎత్తి చూపించి, మెల్లగా అడిగాడు.

"ఈ టికెట్లు ఎన్నాళ్ల నుంచి ఇస్తున్నారు?"

"ముప్పై ఒక్క ఏళ్లు ఇచ్చానండీ," అన్నాడు కండక్టరు గారు, గర్వంగా. "ఒక్క రిమార్కు లేదు."

ఇన్‌స్పెక్టరు అదీ రాసుకున్నాడు.

నాలుగో రోజున నోటీసు వచ్చింది. గృహ కనెక్షను మీద ముప్పై ఒక్క ఏళ్లుగా వ్యాపారం నడుపుతున్నట్టు విచారణలో తేలింది, పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే దరఖాస్తు రద్దు. నోటీసన్న మాట వీధిలో పడగానే ఫోన్లన్నీ ప్లగ్గుల్లోంచి ఊడిపోయాయి. బకెట్టాయన నీళ్లు పారబోసుకుని వెళ్లిపోయాడు. ఇస్త్రీ ఆయన తన నోటిని తానే తిట్టుకుంటూ బల్ల మడిచాడు. టైలరమ్మ మిషను ఎత్తించుకుంటూ కళ్లు తుడుచుకుంది. "మంచికి పోతే చెడు ఎదురైంది మీకు. మా వల్లే కదన్నయ్యగారూ." ఆయన కాదు కాదని ఎంత చెప్పినా వినలేదు.

తరువాతి తొమ్మిది రోజులూ ఎవరూ రాలేదు. కిటికీ దగ్గర నేల మీద దారపు ముక్కలు పడి ఉన్నాయి, ఆయన అక్కడ ఊడవలేదు. చేయి అలవాటు కొద్దీ పెద్ద గిన్నెడు అన్నమే వండి, మూడు పూటలూ చల్లన్నం తిన్నాడు. ఇంతకు ముందు మూడేళ్లు ఒంటరిగా ఎలా ఉన్నాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు గానీ కుదరలేదు. మూడు ఫ్యాన్లూ ఆపేశాడు.

పదో రోజు కరెంటాఫీసుకు వెళితే గుమస్తా లేచి కుర్చీ వేశాడు. అతనికి పెద్దాయన మీద జాలి కలిగి, సంజాయిషీ తనే రాసి ఉంచాడు. వచ్చినవాళ్లెవరో నాకు తెలియదు, తెలియక రానిచ్చాను, ఇకమీదట ఎవరినీ గుమ్మం తొక్కనివ్వను. ఇంతే, కింద సంతకం పెడితే హెచ్చరికతో సరిపెట్టి ఇంటి సబ్సిడీ మంజూరు చేసేస్తారు. నెలనెలా తుడిచే మనిషి కూడా వస్తాడు. కండక్టరు గారు కలం మూత తీసి, ఆ మూడు వాక్యాలనూ చాలాసేపు చదివాడు.

"దీని మీద సంతకం పెడితే వాళ్లు రాకూడదు కదూ?"

"రాకూడదు. మీక్కావాల్సింది అదే కదండీ."

ఆయన మూత పెట్టేశాడు. "మా ఇంట్లో వ్యాపారం నడుస్తోంది. నేను ఒప్పుకుంటున్నా."

గుమస్తా కంగారుగా చేయి అడ్డం పెట్టాడు. ఒప్పుకుంటే వ్యాపార సంస్థల పథకం కిందకు మారుస్తారని, అందులో సబ్సిడీ తక్కువని, తుడిచే మనిషి రాడని, పైగా షరతులు కఠినమని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తుడవడం మేమే చూసుకుంటాం, షరతులు చెప్పు నాయనా అన్నాడు కండక్టరు గారు. గుమస్తా నిట్టూర్చి పుస్తకం తీశాడు.

"రోజూ ముగ్గురికి తగ్గకుండా అక్కడ పనిచేస్తుండాలి. మా వాళ్లు చెప్పకుండా వచ్చి చూస్తారు. గది ఖాళీగా కనపడిందా, సబ్సిడీ మొత్తం వెనక్కి కట్టాలి. ఐదేళ్లు ఇంతే."

"ఇల్లు ఖాళీగా ఉంటే తప్పన్నమాట."

"తప్పేనండీ."

"ఆ ముక్కే కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇవ్వు."

ఆ కాగితం పట్టుకుని ఆయన ఇంటికి పోలేదు, నేరుగా టైలరమ్మ గుమ్మంలోకి వెళ్లాడు. ఆమె చదువుతూ భయపడింది, రాకపోతే ఏం చేస్తారన్నయ్యగారూ అని అడిగింది. నా చేతుల్లో ఏమీ లేదమ్మా, గవర్నమెంటు ఆర్డరు అని ఆయన ముఖం వీలైనంత దిగులుగా పెట్టాడు. మధ్యాహ్నానికి మిషను కిటికీ దగ్గరికి వచ్చింది, దాని వెనకే ఇస్త్రీ బల్ల వచ్చింది, జెరాక్సు యంత్రాన్ని నలుగురు మోసుకొచ్చారు. ముసలావిడ ఏ షరతులోనూ లేకపోయినా వచ్చి ఫ్యాను కింద కూర్చుంది.

ఐదేళ్లు నిండాక ఏమవుతుందో ఆ కాగితంలో ఎక్కడా రాయలేదు, ఆయన అడగనూ లేదు.