బెజ్జం లేని సూది

పెళ్లాంతో అబద్ధమాడేవాడు ఆవిడకు తెలియని వస్తువు మీద ఆడాలి. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

మా ప్రేమావతి రెండేళ్లుగా కుట్టుమిషను అడుగుతోంది. నేను రెండేళ్లుగా గ్రామఫోను కోసం కలలు కంటున్నాను. ఇంతలో నేను పాఠాలు చెప్పే వినగడపలో అంకారావుగారు అటక ఖాళీ చేస్తూ, "ఇదేం మిషనో మా నాన్నకే తెలీదు, పట్టుకుపోండి మేష్టారూ" అని ఒక చెక్కపెట్టె ఇచ్చారు. పైన మూత, ముందు రెండు తలుపులు, పక్కన ఒక చిల్లు. లోపల సగం సామాను లేదు. గ్రామఫోనే అయ్యుంటుందని నాకు ఒకటే ఆశ.

బస్సు టాపు మీద వేసి తిరువూరు తెచ్చి, గుమ్మంలోనే ప్రకటించాను.

"నీ కుట్టుమిషను పెట్టె! మిషను తర్వాత వస్తుంది."

ముందు ఇంట్లోకి చేరితే చాలని నా ఎత్తు.

ప్రేమావతి కొంగు దోపుకుని, మూతెత్తి, పెట్టె చుట్టూ తిరిగింది.

"కాలితో తొక్కేది ఏదండీ?"

"ఇది చేత్తో తిప్పేది. అదిగో చిల్లు."

"పైన మధ్యలో ఈ ఇనప పుల్లేంటి?"

"దారం రీలుకి."

"దాని చుట్టూ పళ్లెమంత మరకుందే?"

"పెద్ద రీలు."

తలుపులు తీసి తల లోపల పెట్టింది. "ఒక్క అర కూడా లేదు. లోపలికి పోనుపోను బూరలా సన్నబడింది. ఇందులో ఏం పెడతారు?"

"గుడ్డపీలికలు" అన్నాను.

మూలనున్న చిన్న గిన్నెలోంచి తుప్పుపట్టిన ముల్లొకటి తీసింది. "ఈ సూదికి బెజ్జం లేదు. దారం ఎట్టా ఎక్కిస్తారు?"

"ఫారిన్ సూది."

ఆవిడ ఎదురింటి రేడియో రిపేరు హనుమయ్యను కేకేసింది. అతను పెట్టెను చూడగానే కళ్లు పెద్దవి చేశాడు.

"ఆగన్నయ్యా" అని ప్రేమావతి నావైపు తిరిగింది. "ఏవండీ, ఆఖరిసారి అడుగుతున్నా. ఇది గ్రామఫోను కాదుగా?"

బయటివాడి ముందు మేష్టారు అబద్ధాలకోరని ఎలా తేలనిస్తాను? "చస్తే కాదు. కుట్టుమిషను పెట్టే!"

"అయితే ఉత్త పెట్టె మనకెందుకు? అన్నయ్యా, వదిన వాడని కుట్టుమిషను ఉందిగా. అదిచ్చి ఇది తీసుకెళ్లు."

వద్దనాలంటే నిజం ఒప్పుకోవాలి. హనుమయ్య నవ్వాపుకుంటూ పెట్టె మోసుకెళ్లాడు.

"చదువుకునేటప్పుడు క్రైస్తవ మిషనరీ హాస్టల్లో మదరుగారి గ్రామఫోను ఐదేళ్లు తుడిచింది నేనేనండీ" అంది ప్రేమావతి, ఆ సాయంత్రమే మిషను ముందు రాణిలా కూర్చుని.

హనుమయ్య కొట్లో పడున్న పాత సామాను బిగించి వారంలో దాన్ని పాడించాడు. దానికి ముసుగు కుట్టమని ప్రేమావతికి మొదటి ఆర్డరు కూడా ఇచ్చాడు. ఆవిడ కుచ్చులు పెట్టి మరీ కుట్టి, నా చేతికిచ్చింది.

"ఒక పాట అయ్యేదాకా కూర్చుని, కొలత సరిపోయిందో లేదో చూసి రండి."

సిగ్గుపడుతూనే వెళ్లి, ఆరు పాటల దాకా కొలత చూశాను.