గంటసేపు ఆగాల్సిన ఆర్డర్లు

మంగళవారం పొద్దున ఆ భార్యాభర్తలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆవిడ ఆన్‌లైన్‌లో అమ్మే కర్టెన్లకు ఆర్డరు పడ్డ మరుక్షణం అది గోడౌన్‌కు పోతోంది. పది నిమిషాల్లో కొన్నవాళ్లు ఫోన్ చేసి నీలం కాదు, ఆకుపచ్చ అంటారు. అప్పటికే పార్శిల్ లారీ ఎక్కేసి ఉంటుంది. అందుకని ఆవిడ తమ్ముడు వచ్చి, ప్రతి ఆర్డరూ గంటసేపు ఆగి కదిలేలా ఏర్పాటు చేసిపోయాడు. గోడౌన్ తెరిచుండే వేళల్లోనే ఆ గంట నడుస్తుంది. ఆగిన ఆర్డర్లను కనిపెట్టుకుని ఉండే పని భర్తకు అప్పగించింది ఆవిడ.

ఆయన రికార్డుల ఆఫీసులో ముప్పై రెండేళ్లు చేసి రిటైరైన మనిషి. ముందుకొచ్చిన కాగితం మీద 'చూశాను' అని రాయకుండా పక్కకు జరిపిన పాపాన పోలేదు. ఇక్కడా ప్రతి ఆర్డరు కిందున్న గళ్లో 'చూశాను' అని రాశాడు. మధ్యాహ్నం కునుకు కూడా మానేసి, అరగంటకోసారి మళ్లీ చూశాడు. చూసినందుకు మళ్లీ రాశాడు.

బుధవారం సాయంత్రం గోడౌన్ మేనేజరు ఫోన్ చేశాడు. రెండు రోజులుగా ఒక్క ఆర్డరూ రాలేదట. శుక్రవారం అయిదింటిలోగా ఏదీ రాకపోతే ఆవిడ సరుకున్న ర్యాకు వేరేవాళ్లకు ఇచ్చేస్తాడట. ఆవిడ టీచరుద్యోగం వదిలేసి, ఏడాదిపాటు ఆ గోడౌన్ చుట్టూ తిరిగి సంపాదించుకున్న ర్యాకు అది. అది పోతే దుకాణం మూతే. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"నేనున్నానుగా," అన్నాడు భర్త.

అసలు ప్రమాదం అదే.

గురువారం నుంచి ఆయన పావుగంటకోసారి చూశాడు. 'చూశాను' పక్కన 'అత్యవసరం' కూడా చేర్చాడు. కొన్నవాళ్ల తిట్లు మొదలయ్యాయి. ఒకామె కిటికీలకు దుప్పట్లు కట్టుకుని ఫొటో తీసి పంపింది. ఆయన ఆ ఫొటోను ఆమె ఆర్డరుకు జతచేశాడు. ఆవిడ తిండి మానేసింది.

శుక్రవారం మూడుముప్పావుకు తమ్ముడు పరుగున వచ్చి కంప్యూటర్ తెర చూశాడు.

"బావా, ఇందులో ఏం రాసినా మార్పు చేసినట్టే లెక్క. గంట మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది."

"రాయకపోతే చూసినట్టు ఎలా తెలుస్తుందోయ్?"

"ఎవరికి తెలియాలి బావా?"

ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆయన్నెవరూ అడగని ప్రశ్న అది. ఆ గంట గడువు తీసేద్దామన్నా, ఆ మార్పుకూ గంట పడుతుందట. ఆవిడ కీబోర్డు ఊడబీకి ఒళ్లో పెట్టుకుంది. ఆఖరి 'చూశాను' మూడూ నలభైకి పడింది. ముగ్గురూ తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నాలుగూ నలభైకి నూట నలభై మూడు ఆర్డర్లూ ఒక్కసారిగా గోడౌన్‌కు దూకాయి. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

అయిదుకు రెండు నిమిషాలుండగా మేనేజరు ఫోన్.

"ఏంటమ్మా ఇది? నాలుగు రోజులుగా ఒక్కటీ లేక, ఇప్పుడు గుంపుగా నూట నలభై మూడా? ప్రతిదాని కిందా చూశాను, చూశాను, అత్యవసరం... మీ అకౌంటులోకి ఎవడో పిచ్చోడు దూరాడమ్మా. మావాళ్లు అన్నిటినీ విచారణకు పెట్టేశారు."

"మరి ర్యాకు?" అంది ఆవిడ నీరసంగా.

"ఇంకెవరికిస్తాం? విచారణ తేలేదాకా దాన్నెవరూ ముట్టుకోకూడదు. నెల పట్టొచ్చు."

ర్యాకు దక్కింది, దాని మీది సరుకంతటితో సహా.