ఇస్త్రీ నీళ్ళలో రెండు చుక్కలు

ఆ ఉదయం మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్య తెల్లకోటు ఇస్త్రీ చేయాలి, ఆవిడ స్నానం చేసి వచ్చేలోపు దాన్ని తలుపు వెనక కొక్కేనికి తగిలించాలి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకోవాలి. సెలవుల్లో ఉన్న లెక్కల మాస్టారికి ఇంతకంటే సులువైన లెక్క దొరకదు.

ఆవిడ ఒక టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగంలో ఉంది. వరసగా పెట్టిన కప్పుల్లోంచి ఒక్కో చెంచా జుర్రుమని పీల్చి, నోట్లో తిప్పి, పక్కనున్న పొడవాటి డబ్బాలో ఉమ్మేసి, ఏ ఆకు ఎలాంటిదో చెప్పడం ఆవిడ పని. ఆఫీసులో అందరూ ఆవిడని ముక్కు మేడమ్ అంటారు, ఆవిడ లేనప్పుడు. రుచి గదిలోకి సెంటు పూసుకుని రాకూడదు, ఘాటు సబ్బుతో స్నానం చేసి రాకూడదు, తలకి వాసన నూనె పెట్టుకుని రాకూడదు. కప్పులు చల్లారిపోతాయి కాబట్టి ఫ్యాను వేయకూడదు. ఈ నిబంధనలన్నీ తన గుండ్రటి అక్షరాలతో రాసి తలుపుకి అంటించింది ఆవిడే.

అలాంటి మనిషికి ఏడాదిగా వేడి ఆవిర్లు మొదలయ్యాయి. ఉన్నట్టుండి లోపల ఎవరో పొయ్యి ముట్టించినట్టు మెడలోంచి నెత్తి దాకా వేడి ఎక్కుతుంది, ముఖం కందగడ్డ అవుతుంది, జాకెట్టు తడిసిపోతుంది. కాసేపటికి ఏమీ జరగనట్టు దిగిపోతుంది. రాత్రుళ్ళు నిద్ర లేదు. ఆ సంగతి ఎత్తితే మాత్రం ఒప్పుకోదు. ఇంట్లో "ఈ ఇంటికి గాలి లేదు" అంటుంది. ఆఫీసులో "ఈ కెటిల్‌ ఆవిరి ఒకటి" అంటుంది.

మాస్టారి అక్కగారు ఫోన్లోనే తేల్చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, అది మెనోపాజ్‌రా. దొంగతనమా, దాచుకోవడానికి? నాకూ వచ్చింది, పోయింది. లావెండరు పూలూ, క్లారీ సేజ్ అనే ఆకూ కలిపిన నూనె సీసా ఒకటి పంపిస్తున్నా. దిండు మీద ఒక చుక్క, బట్టల మీద ఒక చుక్క. మా మరదలు గుర్రు పెట్టి పడుకోకపోతే నన్నడుగు."

మరదలు సీసాని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "నా ముక్కు మీద నడుస్తోందండీ ఈ ఇల్లు. వాసన నూనెలు లోపలికి తేవడానికి వీల్లేదు. వదినగారికి మీరే చెప్పండి, మర్యాదగా."

మాస్టారు మర్యాదగానే చెప్పారు. సీసా మాత్రం ఉంచుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆవిడకి జలుబు చేసి వారం సెలవు పెట్టింది. ముక్కులు దిబ్బడ వేసిన ఆ వారమంతా మాస్టారు రోజూ ఆవిడ దిండు గలీబు లోపల చుక్కలు వేస్తూ వచ్చారు. ఆశ్చర్యం, ఆవిడ తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. జలుబు తగ్గేసరికి ఆ వాసన పరుపుకీ, తెరలకీ, ఆవిడ జుట్టుకీ పట్టిపోయి ఇంటి వాసనే అయి కూర్చుంది. పొద్దస్తమానం పీల్చే గాలిని ఏ ముక్కూ పట్టించుకోదు, అది ఎంత పేరుమోసిన ముక్కయినా సరే.

సెలవు అయిపోయి ఆవిడ ఆఫీసుకి వెళ్ళాల్సిన రోజు అది. మామూలు రోజు కూడా కాదు. వాసన పట్టే యంత్రం ఒకటి కొంటే ఎలా ఉంటుందని మేనేజరుకి ఆలోచన వచ్చింది. ఐదు కప్పుల్లో ఒకదాంట్లో చెమ్మ తగిలిన ఆకు వేస్తాడు. అదేదో యంత్రమూ చెప్పాలి, ఆవిడా చెప్పాలి. యంత్రం గెలిస్తే రుచి గది దానిది. ఆవిడకి స్టోర్సులో ఒక మూల బల్ల.

"ఇన్నేళ్ళు చేసి చేసి, చివరికి ఓ ఇనప డబ్బాతో పోటీ" అని ముందురోజు సాయంత్రం ఆవిడ ఒకే ఒక్కసారి అంది. గొంతు మామూలుగానే ఉంది గానీ, కూర తరుగుతున్న కత్తి కాస్త గట్టిగా తగిలింది చెక్కకి.

అందుకే మాస్టారు ఇవాళ ఆవిడకి వేడి ఆవిరి రాకూడదని నిర్ణయించారు. ఇస్త్రీకి చిలకరించే నీళ్ళలో రెండు చుక్కలు వేస్తే చాలు. నిబంధనలు ఆయనకి తెలియక కాదు. సెంటు వేరు, మందు వేరు. ఆయన సీసా వంచారు. చుక్కలు పడాల్సిన మూత ఊడి నీళ్ళలో పడింది. దాని వెనకే నూనె అంతా దిగింది.

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించారు. నీళ్ళు ఆవిరైపోతాయి కదా, వాటితోపాటు నూనె కూడా పోతుంది. కోటు కాలరు నుంచి అంచు దాకా శుభ్రంగా చిలకరించి, పెట్టె బాగా కాల్చి ఇస్త్రీ చేశారు.

*

రుచి గదిలో అసిస్టెంటు కెటిల్ పెడుతోంది. ఆవిడ సంచిలోంచి కోటు తీసి తొడుక్కుని గుండీలు పెట్టుకుంది. అసిస్టెంటు చటుక్కున తలెత్తింది.

"మేడమ్, ఏదో పూల వాసన వస్తోంది కదూ?"

ఆవిడ గాలి పీల్చింది. ఏమీ లేదు. మళ్ళీ పీల్చింది. "ఏం పూలు?"

"తెలీదు మేడమ్. బాగా ఘాటుగా ఉంది. కళ్ళు మండుతున్నాయి."

ఆవిడ చెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది. జలుబు పోతూ పోతూ ముక్కుని కూడా తీసుకుపోయిందా? ఈ వయసులో వాసనలు తగ్గుతాయని ఎక్కడో చదివింది. గబగబా టీ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆకు వాసన శుభ్రంగా వచ్చింది. ఒక కొస వెలిగి ఒక కొస ఆరిన ట్యూబులైటులా ముక్కు కూడా సగం సగం పోతుందేమో!

అప్పుడు చెప్పాల్సిన మాట "నాకు రావడం లేదమ్మా" అని. ఆవిడ అన్నది వేరు. "నేను లోపలికి రాగానే పట్టాను. నువ్వు చెప్తావా లేదా అని చూస్తున్నా. వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని రా."

"నేనేం రాసుకోలేదు మేడమ్!"

"రాసుకున్నవాళ్ళెవరూ రాసుకున్నామని చెప్పరు."

అసిస్టెంటు వెళ్ళేసరికి మేనేజరు వచ్చాడు. వెనకే నున్నగా తల దువ్వుకున్న యంత్రం అమ్మే మనిషి, తోపుడు బండి మీద యంత్రం. గడపలోనే ఇద్దరూ ఆగిపోయారు.

"బాబోయ్, ఇదేం వాసనండీ?" అన్నాడు మేనేజరు.

"అదే నేనూ అడుగుతున్నా" అంది ఆవిడ. అబద్ధం ఒకటి ఆడేశాక రెండోది కొంచెం గట్టిగా వస్తుంది. "మీరు గడ్డానికి ఏం రాస్తారు?"

"ఇవాళ నేను గడ్డమే గీసుకోలేదు."

"ఏదీ, చూడనివ్వండి." ఆవిడ దగ్గరగా వచ్చి, మెడ సాచి, ఆయన గడ్డం పక్కన నిజంగా వాసన పడుతున్నట్టే పీల్చింది. మేనేజరుకి వాసన గుప్పున కొట్టింది. ఆవిడ వెనక్కి తగ్గగానే అదీ తగ్గింది. ఆయన ముఖం పాలిపోయింది.

"నిజమేనండోయ్, నా దగ్గరనుంచే వస్తున్నట్టుంది. రుమాలేమో! మా ఆవిడ కొత్త సబ్బు మార్చింది."

రుమాలు వరండా రెయిలింగు మీదికి వెళ్ళింది. తర్వాత యంత్రం మనిషి వంతు. "నేను వాసన లేని జెల్ వాడతానండీ, ఈ వృత్తిలో తెలిసినవాణ్ణి" అంటూనే ఉన్నాడు, ఆవిడ అతని నెత్తి మీదికి వంగింది. అతను కళ్ళు తేలేశాడు. "అమ్మో, నాదే! క్షమించండి మేడమ్, నాదే." మాట పూర్తికాకముందే బాత్రూముకి పరుగెత్తి కొళాయి కింద తల పెట్టాడు.

ఇంతలో మేనేజరు ముందుగదిలోని పూలకూజా వీధిలోకి పంపించాడు. నేల వట్టి నీళ్ళతో తుడిపించాడు. ఎందుకైనా మంచిదని బూట్లు విప్పి బయట పెట్టి మేజోళ్ళతో నిలబడ్డాడు. అయినా వాసన ఉంది. అసిస్టెంటు మాత్రం కాసేపటి నుంచి కెటిల్ వదిలేసి, ముక్కు మేడమ్ ఎటు నడిస్తే అటే చూస్తోంది.

"మేడమ్, ఒక మాట. ఆ వాసన ఒకచోట ఉండట్లేదు. తిరుగుతోంది."

"వాసన తిరగడమేమిటి? మనుషులు తిరుగుతారు."

"అదే మేడమ్, నేను చెప్పేదీ..."

"కప్పులు పెట్టు."

ఐదు కప్పుల్లో ఆకు పడింది, మరిగే నీళ్ళు పడ్డాయి, మూతలు పడ్డాయి. యంత్రం మనిషి జుట్టులోంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతున్నాయి. ఆవిడకి అప్పుడే తెలిసింది, వస్తోందని. మెడ దగ్గర మొదలైంది, చెవుల్లోకి పాకింది. ఇంకెప్పుడూ దొరకనట్టు ఇప్పుడే రావాలా ఈ వేడి! చెంచా పట్టుకున్న వేళ్ళు జారుతున్నాయి. ఆ వేడికి కోటులో మిగిలిన నూనె కూడా లేచింది. మేనేజరు దగ్గాడు. అసిస్టెంటు కిటికీ వైపు ఆశగా చూసింది.

"ముందు యంత్రం" అన్నాడు మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ.

యంత్రం గొట్టాన్ని మొదటి కప్పు మీద పెట్టారు. తెర మీద 'లావెండర్' అని వచ్చింది. రెండో కప్పు, లావెండర్. మూడు, లావెండర్. నాలుగో కప్పు దగ్గర 'మేలురకం లావెండర్' అంది. యంత్రం మనిషి దాని వీపు మీద తట్టి, ఐదోదాని తర్వాత ఖాళీ కప్పు ఒకటి పెట్టి చూశాడు. అదీ లావెండరే.

ఇప్పుడు ఆవిడ. ముఖం కుంకుమ రంగుకి తిరిగింది. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని వంగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తన ముక్కుని తనే నమ్మలేకుండా ఉంది. జుర్రు, ఉమ్ము. జుర్రు, ఉమ్ము. మూడో కప్పు దగ్గర ఆగింది. మళ్ళీ ఒక చెంచా తీసుకుంది. అవును, ఉంది. వానకి తడిసి, ఎండ మొహం చూడని గోనెసంచి.

"మూడోది" అంది, కొంచెం మెల్లగా.

మేనేజరు మూడో కప్పు ఎత్తి అడుగు చూపించాడు. అక్కడ పెన్సిలు చుక్క ఉంది.

"ఇంత వాసనలో ఎలా పట్టారండీ? నాకు టీ ఉందన్న సంగతే తెలియట్లేదు!"

యంత్రం మనిషికి పౌరుషం వచ్చింది. "మా యంత్రం అబద్ధం చెప్పదు సార్. లావెండరు ఉంది. ఎక్కడుందో ఇప్పుడే చూపిస్తా." గొట్టం చేత్తో పట్టుకుని గదంతా తిరిగాడు. మేనేజరు దగ్గర అది ఒకసారి కూసింది. అసిస్టెంటు దగ్గర కూయలేదు. ముక్కు మేడమ్ కాలరు దగ్గర పెట్టగానే ఆగకుండా కుక్కర్‌లా ఈల వేసింది, తెర మొత్తం ఎర్రగా మారిపోయింది.

అందరూ తలుపు మీది నిబంధనల వంక చూశారు. ఆ తలుపే దబ్బున తెరుచుకుంది. మాస్టారు! చేతిలో ఇంకో కోటు, ఒగర్పు.

"ముందా కోటు విప్పెయ్! అక్క ఇప్పుడే ఫోన్లో చెడామడా తిట్టింది. బుద్ధి ఉందా నీకు, దాని ఆఫీసులో వాసన కూడదు కదా అని. రెండు చుక్కలే వేద్దామనుకున్నా, ఇస్త్రీ నీళ్ళలో. సీసా అంతా పడిపోయింది."

"ఏ సీసా?" అంది ఆవిడ.

"వద్దన్నావే, ఆ లావెండరు. వారంగా నీ దిండులో కూడా... అంటే, నీ మెనోపాజ్‌కి..."

అసిస్టెంటు కెటిల్ మూతని చాలా శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టింది. యంత్రం మనిషి జుట్టు పిండుకున్నాడు. మాస్టారు నాలుక కరుచుకున్నారు.

ముక్కు మేడమ్ మాత్రం స్టూలు మీద కూలబడి, "అయితే నా ముక్కు పోలేదన్నమాట!" అంది.

"నీ ముక్కుకేమైంది?"

ఆవిడ నవ్వసాగింది. చెమట, కన్నీళ్ళు కలిసి కారేదాకా నవ్వింది. "పొద్దున్నుంచీ నాకు ఆ పూల వాసనే రాలేదండీ. వచ్చినట్టు నటించి ఈయన బూట్లు విప్పించాను, ఆ అబ్బాయి తల తడిపించాను. నన్ను క్షమించాలి మీరంతా. మా ఆయన అన్నదీ నిజమే, మెనోపాజ్. ఏడాది నుంచి. ఇందాక రుచి చూసిందీ ఆ మంటలోనే. పోటీ అయిపోయింది కదా, ఆ ఫ్యాను వెయ్యమ్మా, పుణ్యముంటుంది."

అసిస్టెంటు ఫ్యాను వేసింది. మేనేజరు మేజోళ్ళ వంక చూసుకుంటూనే మాస్టారిని పక్కకి పిలిచాడు. రహస్యమే గానీ అందరికీ వినపడింది.

"మా ఇంట్లో కూడా ఈ మధ్య మా ఆవిడ దుప్పటి నేల మీదే ఉంటోందండీ. నా మీద కోపమేమో అనుకున్నా. ఆ నూనె నిజంగా పనిచేస్తుందా?"

"చేయకపోవడమేమిటి! వారంగా ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది."

"ఆగండాగండి" అంది ఆవిడ. "వారంగా పడకగది కిటికీలు ఎవరు తీస్తున్నారు? ఎప్పుడూ చలి అని బిడాయించుకుంటారుగా మీరు."

మాస్టారు చేతిలోని కోటుని ఇటునుంచి అటు మార్చుకున్నారు. "నేనే. ఆ వాసనకి నాకు ఊపిరాడక చచ్చిపోతున్నా. రెండు కిటికీలూ బార్లా తీసి, ఫ్యాను పెద్దది పెట్టి, నేనేమో రెండు దుప్పట్లు ముసుగుతన్ని పడుకుంటున్నా."

మేనేజరు తల పంకించాడు. "అయితే కిటికీ అన్నమాట."

యంత్రాన్ని కంపెనీ కొన్నది, సగం ధరకి. అది ఇప్పుడు రుచి గది గడప దగ్గర ఉంటుంది, వచ్చేవాళ్ళని వాసన చూడటానికి. తలుపు మీది కాగితంలో ఫ్యాను గురించిన వరస కొట్టేసి, కప్పులకీ కప్పులకీ మధ్య వేసుకోవచ్చని అవే గుండ్రటి అక్షరాలతో ఆవిడే రాసింది. వేడి ఆవిర్లకి ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళింది, వదినగారిని వెంటబెట్టుకుని. ఇంట్లో కిటికీలు తెరిచే ఉంటున్నాయి. మాస్టారు మూడో దుప్పటి కొనుక్కున్నారు.

ఖాళీ సీసాని కడిగి వదినగారికి తిరిగి ఇచ్చేశారు గానీ, తన నూనె వల్లే మరదలి ఉద్యోగం నిలబడిందని ఆ పెద్దావిడ కనపడిన వాళ్ళందరికీ చెబుతోంది, కాదనడానికి ఎవరికీ నోరు రావడం లేదు.