రెండో బెర్తు

1982 ఏప్రిల్‌లో ఒక సోమవారం ఉదయం సీతాపతి చేయవలసిన పని ఒక్కటే. పుదుచ్చేరి స్టేషనుకు వెళ్ళి, మే నెలలో మద్రాసు నుంచి ఢిల్లీకి ఒక బెర్తు రాయించుకుని, తొమ్మిదింటికల్లా నెహ్రూ వీధిలోని తన దుకాణం తెరవాలి. నోటుపుస్తకాలు, ఇంకు సీసాలు, పెళ్ళిపత్రికలు అమ్మే దుకాణం అది. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. పుదుచ్చేరి దాటి చిదంబరం కంటే దూరం ఎన్నడూ వెళ్ళలేదు.

ఢిల్లీ నుంచి బస్సులో కులూ వెళ్ళి, బియాస్ నది లోయలో పల్లె నుంచి పల్లెకు మూడు రోజులు నడవాలని ఆలోచన. నిజానికి ఆలోచన ఆయన భార్య వసంతకుమారిది. దుకాణంలో ఎవరో ప్రయాణికుడు మరిచిపోయిన చిన్న పుస్తకంలో ఆ పల్లెల బొమ్మలు ఉన్నాయి. రాతివరసల మధ్య దేవదారు దూలాలు పేర్చి కట్టిన పాత ఇళ్ళు, పలకరాళ్ళ కప్పులు, చెక్కడపు పని ఉన్న కొయ్య గుడి. ఆమె ఎనిమిదేళ్ళపాటు ఆ పుస్తకం ముందు పెట్టుకుని, రోజుకు నాలుగు మైళ్ళు మించకుండా దారి గీసింది. మొదటిరోజు నది ఒడ్డు వెంబడే. రెండోరోజు ఆపిల్ తోటల్లో. మూడోరోజు కొంచెం ఎత్తు, అక్కడినుంచి మంచుకొండ కనిపిస్తుంది. "మోకాళ్ళు ఉండే వాళ్ళెవరైనా నడవచ్చు," అనేది. ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. పోయిన కార్తీకంలో నాలుగు రోజుల జ్వరంతో ఆమే పోయింది.

కౌంటరు దగ్గర ఇచ్చిన ఫారం మీద సీతాపతి తన పేరు, వయసు రాశాడు. ముప్పై ఏళ్ళుగా రేషను కార్డులో, ఓటర్ల జాబితాలో, శుభలేఖల మీద ఆ పేరు తర్వాత వచ్చే పేరు ఒకటే. చెయ్యి ఆగలేదు. రెండో వరసలో వసంతకుమారి, స్త్రీ, యాభై రెండు అని రాసేసింది. గుమాస్తా రెండు పేర్లూ పైకి చదివి, "రెండు బెర్తులు, సరేనా?" అని అడిగినప్పుడు గానీ ఆయనకు తెలియలేదు.

రెండోది కొట్టేయండి అనవచ్చు. అంటే ఎందుకని అడుగుతాడు. ఆమె లేదని అంతమంది ముందు నిలబడి చెప్పాలి. ఆరు నెలలుగా ఆ మాట పైకి అనవలసిన అవసరం రాలేదు, ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి. "సరే," అన్నాడు.

వరసలో నాలుగో మనిషి ఎదురింటి వీరాసామి. ఆయనకు పేర్లు వినబడలేదు. రెండు అన్నది మాత్రం స్పష్టంగా వినబడింది.

సీతాపతి మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఆ సంగతి ఇంటికి ఆయనకంటే ముందే చేరింది. వంటింటి గడపలో అక్క జయమ్మాళ్ నిలబడి ఉంది. భర్త పోయినప్పటి నుంచి ఆమె ఈ ఇంట్లోనే ఉంటోంది. అరవై ఒక్క ఏళ్ళు, తమ్ముడి కంటే గట్టి ఎముకలు.

"రెండు బెర్తులంట. రెండోది ఎవురికిరా?"

"ఎవురికీ లేదక్కా."

అంతకంటే అధ్వానమైన జవాబు ఆయన వెతికినా దొరికేది కాదు. జయమ్మాళ్ అన్నం వడ్డించింది. చారు మాత్రం ఆయనే పోసుకోవలసి వచ్చింది.

మరునాటి నుంచి సీతాపతి నడక సాధన మొదలుపెట్టాడు. కొత్త కాన్వాసు బూట్లు వేసుకుని, బరువుకోసం సంచిలో నాలుగు డజన్ల నోటుపుస్తకాలు పెట్టుకుని, తెల్లవారగానే కడలూరు రోడ్డు పట్టుకుని మురుంగపాక్కం దాకా వెళ్ళి వచ్చేవాడు. పుదుచ్చేరి ఎండలో ఉన్ని చొక్కాలు అమ్మేవాళ్ళు ఎవరూ లేరు. మురుంగపాక్కంలో మంగళ అని ఒక కుట్టుపని టీచరు ఉంది, చిన్నప్పుడు కాన్వెంటులో ఉన్ని అల్లడం నేర్చుకుంది అని ఎవరో చెప్పారు. ఆమెకు నలభై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. అన్న చిన్నదురై వ్యవసాయం చేస్తాడు, ఆ ఇంట్లోనే ఉంటుంది.

ఆమె ఆయనను వాకిట్లో నిలబెట్టి దారంతో భుజాల కొలత తీసింది. "చలి ఎంతుంటాదండీ ఆడ?"

"తెలీదమ్మా. ఎప్పుడూ పోలేదు. రొంబ చలంటారు."

రెండోసారి చేతుల కొలతకు వెళ్ళాడు. మూడోసారి, ఆ దారిలోనే కదా అని ఎంతవరకు వచ్చిందో చూడడానికి వెళ్ళాడు. ప్రతిసారీ ఆమె మంచినీళ్ళు ఇచ్చింది. ఒకసారి ఆ పల్లెల గురించి అడిగింది. ఆయన సంచి దించి, పావుగంటసేపు వసంతకుమారి గీసిన దారంతా చెప్పాడు. ఆ పావుగంటలో వీధిలో ఏడుగురు నడిచి వెళ్ళారు. వాళ్ళలో ఒకరు వీరాసామికి బావమరిది.

ఆ వారం నుంచి జయమ్మాళ్ తమ్ముడితో మాట్లాడడం మానేసింది. చెప్పవలసినవి గోడకు చెప్పేది. "పాలు విరిగినాయి," అని గోడతో అనేది. "ఏడాది నిండకుండానే కొందరికి సిగ్గు కూడా విరిగిపోయె." సీతాపతి పాల గురించి విని, ఇంకో పాకెట్టు తెచ్చాడు. ఆయన ఆ రోజుల్లో ఏ మాటనూ చివరిదాకా వినేవాడు కాదు.

చివరికి ఆమె ధనపాల్‌ను పిలిపించింది. పోస్టాఫీసులో పనిచేసే ధనపాల్ సీతాపతికి బడినాటి స్నేహితుడు. అడగరానిది అడగడానికి తగిన మనిషి. సాయంకాలం దుకాణానికి వచ్చి, స్టూలు మీద కూర్చుని, చాలాసేపు పెళ్ళిపత్రికల అట్టలు తిరగేశాడు.

"అక్క అంతా చెప్పె. నాకైతే తప్పుగా తోచలేదప్పా."

"తప్పేముండాది ధనపాలూ. ఎనిమిదేండ్లుగా అనుకుంటా ఉండేదే గదా."

ధనపాల్ చేతిలోని పత్రిక జారింది. "ఎనిమిదేండ్లుగానా?"

"వసంతకు అంతా తెలుసు. అసలు దారి చూపించిందే ఆమె. తానున్నా లేకున్నా నువ్వు పోవాల్సిందే అనె."

ధనపాల్‌కు కళ్ళు చెమర్చాయి. "ఎంత పెద్ద మనసు ఆ తల్లిది," అన్నాడు. "ఒక్కడివే ఉండడం ఎంత కష్టమో మాకు తెలీదా. నువ్వేమీ దిగులు పడవద్దు. నేను మాట్లాడతా."

ఎవరితో మాట్లాడతాడని సీతాపతి అడగలేదు. రైల్వేవాళ్ళతో అనుకున్నాడు.

ధనపాల్ మరునాడే సైకిలు మీద మురుంగపాక్కం వెళ్ళాడు. ఆ తర్వాతి శుక్రవారం ఉదయం, దుకాణం తెరిచి సీతాపతి ఊదుబత్తి వెలిగిస్తూ ఉండగా చిన్నదురై మెట్లెక్కి వచ్చాడు. వెంట ధనపాల్, మురుంగపాక్కం పెద్దమనిషి ఒకాయన, తాంబూలం పళ్ళెం. వెనకే రిక్షాలోంచి జయమ్మాళ్ దిగింది. ముఖం గంటు పెట్టుకుని ఉన్నా, పట్టుచీర కట్టుకుంది. జరిగేది ఎలాగూ జరుగుతుంది, అది ఇంటిపెద్ద లేకుండా జరగకూడదు కదా.

"పత్రికలు చూపించండి బావా," అన్నాడు చిన్నదురై.

సీతాపతి బావా అన్న మాటను పట్టించుకోలేదు. బేరం కోసం అందరూ వరసలు కలుపుతారు. "ఎవురింట్లో పెండ్లి?"

"మాయింట్లో. మా మంగళకు."

"సంతోషం. మంచి పిల్ల," అన్నాడు సీతాపతి మనస్ఫూర్తిగా, పసుపు రంగు అట్టలు దించుతూ. "పెండ్లికొడుకు ఎవురు?"

పెద్దమనిషి దగ్గాడు. ధనపాల్ మెల్లగా ముందుకు వచ్చి ఆయన చేతిలోని అట్టలు తీసి బల్లమీద పెట్టాడు. "సీతాపతీ, ఇంక దాచవద్దు. రెండో బెర్తు ఎవురికో ఊరందరికీ తెలుసు."

అప్పుడు సీతాపతికి ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. చారు, గోడ, ఎనిమిదేళ్ళు. సరిగ్గా అదే సమయానికి మంగళ వచ్చింది. బడిలో తోటి టీచర్లు శుభాకాంక్షలు చెబితే, సెలవు పెట్టి, బస్సు దిగి నేరుగా వచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా మెట్టు మీదే నిలబడింది.

ఆ బల్ల వెనక ఇక దాగడానికి చోటు లేదు. సీతాపతి సొరుగు తీసి, రైలు చీటీ ధనపాల్ చేతికిచ్చాడు. "నాకు నోరు రావడం లేదు. నువ్వే చదువు."

ధనపాల్ కళ్ళజోడు పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాలను పోస్టాఫీసు గొంతుతో చదివాడు. "సీతాపతి, పురుషుడు, యాభై ఎనిమిది. వసంతకుమారి..." అక్కడ ఆగిపోయాడు.

"చెయ్యి అదే రాసేసె," అన్నాడు సీతాపతి. "కొట్టేయమంటే ఆమె లేదని చెప్పాల. చెప్పలేకపోతి. అంతే, ఇంకేమీ లేదు." మెట్టు వైపు తిరిగాడు. "ఆమె లేదమ్మా," అన్నాడు. "పోయి ఆరు నెలలాయె."

అందరికీ తెలిసిన విషయమే. అయినా చిన్నదురై పళ్ళెం కింద పెట్టి తలపాగా తీశాడు. జయమ్మాళ్ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదట మాట్లాడింది మంగళే.

"స్వెట్టరు చేతులు రెండూ అయిపోయినాయండీ. మెడ ఒకటే ఉండాది," అంది మామూలుగా. తర్వాత అన్నతో, "ఇంటికి పోదాం పా," అంది. మెట్లు దిగేటప్పుడు ఒకసారి తడబడింది. సీతాపతికి ఆమె పరువు గురించి బెంగపడడం మాత్రమే చేతనైంది. అన్న అడిగిన రోజు ఆమె వద్దని అనలేదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

వారం తర్వాత ఇంటికి పొట్లం వచ్చింది. అందులో రెండు స్వెట్టర్లు ఉన్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది ఎవరికోసం అల్లిందో అడగడానికి అక్కకూ తమ్ముడికీ ధైర్యం చాలలేదు. సీతాపతి ప్రయాణం మానేస్తానన్నాడు. జయమ్మాళ్ చిన్న స్వెట్టరు తీసి చీరమీదే తొడుక్కుని, ఏప్రిల్ ఎండలో చెమటలు కక్కుతూ అద్దం ముందు నిలబడింది.

"చేతులు సరిపోయినాయి. బెర్తు ఎందుకు ఖాళీగా పోవాల?"

మద్రాసు దాటాక టికెట్ కలెక్టరు జాబితా పట్టుకుని వచ్చాడు. "వసంతకుమారి?"

జయమ్మాళ్ ముప్పై ఏళ్ళలో మరదలిని ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. పిల్లా అనేది. "నేనే," అంది.

ఆయన కాగితం చూసి, ఆమె తెల్లజుట్టు చూశాడు. "వయసు యాభై రెండా?"

"కష్టపడిన శరీరమప్పా."

ఆయన టిక్కు పెట్టి వెళ్ళిపోయాడు. సీతాపతి కిటికీ వైపు తిరిగి గూడూరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. జయమ్మాళ్ పులిహోర పొట్లం విప్పి ఆయన ఒళ్ళో పెట్టింది.

నెల రోజుల సాధన చేసిన సీతాపతికి లోయలో మొదటి మైలులోనే కాలి మడమ బొబ్బలెక్కింది. ఏ సాధనా లేని జయమ్మాళ్ వట్టి చెప్పులతో ముందు నడిచింది. పల్లెల్లో ఇళ్ళు పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఒక ముసలావిడ ఉన్ని వడుకుతూ ఉంటే జయమ్మాళ్ పక్కన చతికిలబడి, కోడళ్ళ గురించి తన తెలుగులో మాట్లాడింది. ఆవిడ తన భాషలో జవాబు చెప్పింది. బహుశా ఇద్దరికీ కోడళ్ళే లేరేమో, కానీ గంటసేపు ఒకరినొకరు సమర్థించుకున్నారు.

మూడోరోజు ఎత్తెక్కారు. దారి చివర కొయ్యగుడి ముందు రాతి అరుగుమీద సీతాపతి కూలబడ్డాడు. గీసిన దారి అక్కడితో అయిపోయింది. అప్పుడు ఏడ్చాడు, ఆరు నెలల్లో మొదటిసారి, బూట్లు విప్పుకోవడం మధ్యలో ఆపి. జయమ్మాళ్ కింద కూర్చుని రెండో బూటు లేసు విప్పింది.

"ఆమెకు అన్నం పెట్టకుండా నిద్రపోయిన రోజు లేదురా నాకు," అంది. "ఒకమాట పేరు పెట్టి పిలిచి ఉంటే ఏం పోయె." ఇద్దరూ చాలాసేపు అక్కడే ఉన్నారు. ఎదుట లోయనిండా మబ్బు. సాయంత్రమైనా ఆ మబ్బు కదలలేదు. మరునాటి పొద్దున బస్సెక్కేదాకా మంచుకొండ కనబడలేదు.

ఊరు చేరిన రోజు వీధి వీధంతా వాకిట్లో కూర్చుంది. వీరాసామి అందరికంటే ముందు. మంచుకొండ ఎలా ఉందని అడిగారు. పాలు పొంగినట్టు తెల్లగా, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా ఉందని జయమ్మాళ్ చెప్పింది. దాని పక్కనే కొంచెం చిన్నది ఇంకోటి కూడా ఉందని సీతాపతి గుర్తుచేశాడు.