డ్రైవరు గారి డబ్బా

కాస్త ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది, అలాగని దాచుకోవలసిందీ కాదు. ఒక బస్సు డ్రైవరు, అతని భార్య, ఆవిడ అన్నగారు, ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా. ఈ కథలో అసలు వాళ్లు ఈ నలుగురే. నలుగురిలోనూ ఏ పాపం ఎరగనిది డబ్బా ఒక్కటే.

డ్రైవరుకు బీపీ ఉంది. డాక్టరమ్మ రోజుకో మాత్ర రాసిచ్చింది. ఆ మాత్ర బీపీని దించింది గానీ గొంతులో పొడిదగ్గును కూర్చోబెట్టింది. మలుపు దగ్గర హారన్ కన్నా ముందు అతని దగ్గే వినబడేది. సరిగ్గా ఆ రోజుల్లోనే భార్య అన్నగారు నాలుగు రోజులుండి పోదామని వచ్చి, పోదామన్న సంగతి మర్చిపోయాడు. ఎప్పుడు చూసినా పక్కన చెంబెడు నీళ్లు పెట్టుకుని, ఎవరికి ఏ నలత చేసినా ఏదో ఒక ఆకు నూరి తాగమనేవాడు. అందుకని ఆయన్ని అందరూ ఆకుల బావ అనేవారు.

"అది దగ్గు కాదు బావా, కిడ్నీలు మొరపెట్టుకుంటున్నాయి," అన్నాడు ఆకుల బావ. "ఈ మాత్రలు వాటిని చెదపురుగుల్లా తినేస్తాయి. నన్ను చూడు. ఇంత వయసొచ్చింది, ఒక్క మాత్ర మింగి ఎరగను. మానేసెయ్, నేను పసరు చేసిస్తా."

అలసిపోయిన మనిషికి ఏదైనా చెయ్యమనే సలహా కన్నా మానెయ్యమనే సలహా రుచిగా ఉంటుంది. డ్రైవరు మాత్ర మానేశాడు. దగ్గు తగ్గింది. డిపోలో ఏటా చేసే పరీక్షలో బీపీ చూసినవాళ్లు మిషన్ పాడైందనుకుని ఇంకో మిషన్ తెచ్చారు. అదీ ఆ మాటే చెప్పింది.

"డాక్టరు దగ్గర్నుంచి అంతా బాగుందని కాగితం తెచ్చేదాకా స్టీరింగు ముట్టుకోకు," అన్నాడు డిపో మేనేజరు. "ఈ వారంలో తేకపోతే ఇక టైర్ల గదిలోనే నీ ఉద్యోగం."

జీవితమంతా ఎదురుగా రోడ్డునే చూసిన మనిషి. టైర్ల గదికి కిటికీ కూడా లేదు.

డాక్టరమ్మ అతని చేతినుంచి రక్తం తీయించి, తెల్ల డబ్బా చేతిలో పెట్టింది. "కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి. ఒక పగలు, ఒక రాత్రి, వచ్చిందంతా ఇందులోనే పట్టాలి. ఒక్క చుక్క బయటికి పోకూడదు," అంది. మాత్ర మానేసిన సంగతి ఆవిడ అడగలేదు, ఇతను చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు డబ్బాను స్నానాల గది మూల పీటవేసి కూర్చోబెట్టాడు. ఆ రోజుకి అతని ఏర్పాటు చాలా చిన్నది. ఇల్లు కదలకూడదు, నీళ్లు తాగాలి, పడుకోవాలి, పిలుపొచ్చినప్పుడు లేవాలి. ఏళ్ల తర్వాత దొరికిన విశ్రాంతి అది. ఒకసారి లేచాడు, డబ్బాకు తొలి ముడుపు చెల్లించాడు, మళ్లీ నడుం వాల్చాడు. ఫోను మోగింది.

"అన్నా, ఆ ముసలి బస్సు గేటుకడ్డంగా ఆగిపోయింది," అన్నాడు డిపో మెకానిక్. "లోపలివి లోపల, బయటివి బయట. అది నీ చెయ్యి పడితే తప్ప కదలదని నీకు తెలుసు కదా."

"నన్ను స్టీరింగు ముట్టుకోవద్దన్నారయ్యా."

"స్టీరింగు నేను పట్టుకుంటా. గేరు నువ్వెయ్యి."

ఒక సీటులో ఇద్దరు ఇరుక్కుని కూర్చుని, ఒకరు తిప్పుతుంటే ఒకరు గేరు వేస్తూ ఆ బస్సును పక్కకు తీశారు. అందరూ మెచ్చుకుని టీ ఇచ్చారు. ఇంకో టీ ఇచ్చారు. డ్రైవరు కాళ్లు అలవాటు చొప్పున డిపో వెనక గోడ దగ్గరికి నడిచాయి. పని సగంలో ఉండగా డబ్బా గుర్తొచ్చింది. సగంలో గుర్తొచ్చి మాత్రం చేసేదేముంది.

ఇంటి దగ్గర అతని భార్య స్నానాల గది కడగడానికి వెళ్లింది. చీపురు కట్ట పీటకు తగిలింది, పీట డబ్బాను వదిలేసింది, ఉన్న కాస్తా తూము దారి పట్టింది. ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుని గడప మీద కూలబడింది. మళ్లీ మొదటికొస్తే వారం గడిచిపోతుంది. టైర్ల గదిలో కూర్చున్న మొగుణ్ణి ఊహించుకుంది. తర్వాత నిదానంగా ఆలోచించింది. ఇన్నేళ్లుగా ఒకే గిన్నెలో వండింది తింటున్నాం, ఒకే ఉప్పు, ఒకే కుళాయి నీళ్లు. ఆయన కిడ్నీలు వేరా, నావి వేరా. అలా అనుకుని తలుపు గడియ వేసుకుంది.

ఆవిడ అటు వెళ్లగానే ఆకుల బావ ఇటు వచ్చాడు. డబ్బా మూత తీసి చూస్తే అడుగున కొంచెమే ఉంది. "మాత్ర మాన్పించింది నేను. బావ కిడ్నీలు గనక పని మానేస్తే చెల్లెలు నా సంచి వీధిలో పెడుతుంది," అని గొణుక్కున్నాడు. మాత్ర ఎరగని నికార్సైన ఆరోగ్యం తన దగ్గర దండిగా ఉండగా బావకు లోటు చెయ్యడమెందుకు. ఆ పూటంతా చెంబు తర్వాత చెంబు తాగుతూ, పిసినారితనం లేకుండా దానం చేశాడు.

సాయంత్రం తప్పు చేసిన ముఖంతో ఇల్లు చేరిన డ్రైవరు మూత తీసి చూశాడు. డబ్బా మెడ దాకా ఉంది. తాను లేకపోయినా కిడ్నీలు ఇంట్లో డ్యూటీ చేసినట్టున్నాయి.

"ఏమే, ఆ డబ్బా..."

"ఏ డబ్బా?" అంది భార్య గబుక్కున.

"ఏం లేదు. బాగానే ఉంది."

"బాగానే ఉంటుంది. ఎందుకుండదు."

"నా పసరు పనిచేస్తోంది బావా," అన్నాడు ఆకుల బావ, చెంబు దించకుండానే.

ఇంకో రోజైతే డ్రైవరు గుచ్చి గుచ్చి అడిగేవాడే. ఆ రోజు అడిగే ఓపిక లేదు. మిగిలిన కాస్త చోటూ పొదుపుగా వాడుకుని, తెల్లారగానే డబ్బా అప్పగించి వచ్చాడు.

రిపోర్టు వచ్చాక ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. పొద్దుట్నుంచీ రోగుల్ని చూసి చూసి ఆవిడా సొమ్మసిల్లేలా ఉంది.

"ఇది మీదేనా?"

"నాదేనండీ."

"అంతా?"

"చాలావరకు."

"మీ రక్తంలో చక్కెర జబ్బు ఊసే లేదు. ఇందులో చూస్తే చక్కెర పొంగిపొర్లుతోంది. ఒక్క మనిషి ఒక్క రోజులో ఇంత పొయ్యడు కూడా."

భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని చీపురు సంగతి చెప్పింది. డ్రైవరు డిపో గోడ సంగతి చెప్పాడు. ఇద్దరూ కలిసి పక్కకు చూశారు. ఆకుల బావ వెంట తెచ్చుకున్న నీళ్ల సీసా దించాడు.

"నేనూ ఓ చెయ్యేశాను," అన్నాడు.

"ఇంకెవరైనా ఉన్నారా? పక్కింటివాళ్లు?" అంది డాక్టరమ్మ.

అన్నాచెల్లెళ్లిద్దరి వేళ్లూ గుచ్చి రక్తంలో చక్కెర చూశారు. చెల్లెలికి ఏమీ లేదు. అన్నగారికి చక్కెర తారస్థాయిలో ఉంది. పట్టీ కట్టి చూస్తే బీపీ డ్రైవరుదాన్ని దాటిపోయింది.

డాక్టరమ్మ డ్రైవరు వైపు తిరిగింది. "మాత్ర మానేశారు కదూ?"

"దగ్గొచ్చిందండీ. కిడ్నీలు పోతాయన్నారు."

"ఆ మాత్రకు కొందరికి దగ్గొస్తుంది. చెబితే వేరేది ఇచ్చేదాన్ని. కిడ్నీల్ని నలిపేసేది అదుపు తప్పిన బీపీ. మందు వాడుతూ, మధ్యమధ్య రక్తపరీక్ష చేయించుకుంటే ఏ తేడా ఉన్నా మనకు ముందే తెలుస్తుంది. రక్తాన్ని బట్టి మీవి ఇంకా బాగానే ఉన్నాయి. కొత్త మాత్ర వేసుకోండి, బీపీ దిగాక కాగితం ఇస్తాను. డబ్బా మాత్రం మళ్లీ మొదట్నుంచి."

రెండోసారి డబ్బాను డ్రైవరు ఎక్కడికెళ్లినా చంకలోనే పెట్టుకుని తిరిగాడు. వారం గడిచిపోయింది గానీ, ముసలి బస్సు మళ్లీ గేటుకడ్డంగా నిలబడడంతో మేనేజరే గడువు పెంచాడు. కొత్త మాత్రకు దగ్గు రాలేదు, బీపీ దిగింది, కాగితం వచ్చింది, అతని ముందుకు రోడ్డు వచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే ఇద్దరు బావలూ పక్కపక్కన కూర్చుంటారు. డ్రైవరుకి ఒక మాత్ర, పక్కాయనకు దోసిట్లో పట్టినన్ని.

"బావగారూ, ఏదైనా ఆకు నూరమంటారా?" అంటాడు డ్రైవరు.

"నీళ్లిటివ్వు బావా," అంటాడాయన.

ఇది మనసులో పెట్టుకోండి. డాక్టరుకు చెప్పకుండా మాత్ర మానేసేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, వాళ్లను కూర్చోబెట్టి చెప్పండి. భోజనాల దగ్గర మాత్రం వద్దు.