కవరు కింది కారు

ఆ అపార్టుమెంటులో కారు లేని కుటుంబం ఒకే ఒక్కటని సంఘం రికార్డుల్లో నమోదై ఉంది. అది డ్రాయింగు మాస్టారిది. మిగతావారందరూ ఆయన్ని చూసి మనసారా జాలిపడేవారు. జాలికి పెట్రోలు అక్కర్లేదు కదా.

మాస్టారు మాత్రం ఈ సంగతి తీరిగ్గా బేరీజు వేసుకున్నాడు. కారు లేకపోతే ఒళ్లు తేలిక, పెట్రోలు ధర పెరిగినా కంటినిండా నిద్ర, చుట్టాలను స్టేషన్లో దింపిరమ్మనే వాళ్లుండరు. అన్నిటినీ మించి, కింద పార్కింగు జాగా ఖాళీ. ఇంట్లో చప్పుడని కింది ఫ్లాటువాళ్లు గోల పెట్టడంతో ఆయన భార్య కుట్టుమిషను అక్కడే వేసుకుంది. ఆ మిషను ఆగితే ఇల్లు నడవదు. ఇక నష్టమంటారా, ఒక్కటే. కారు లేదని పదిమందికీ తెలిసిపోవడం.

సంఘం అధ్యక్షుడు ఇంజినీరు. భార్యతో కూడా మైకులో మాట్లాడినట్టే మాట్లాడే మనిషి. ఆయన నోటీసు అంటించాడు: "కార్ల మధ్య కుట్టుమిషను ఉండుట భవన ప్రతిష్ఠకు భంగకరము. కారు గాని, కారు వంటిది గాని లేనిచో స్థలము ఖాళీ చేయవలెను."

మాస్టారు డీలా పడిపోయాడు. భార్య మాత్రం నోటీసు రెండోసారి చదివింది.

"కారు వంటిది ఉన్నా చాలంటున్నారుగా! గీయడం మీకొచ్చు, కుట్టడం నాకొచ్చు. ఇంకేం కావాలండీ?"

మాస్టారు వెదురుబద్దలతో కారు ఆకారం కట్టాడు. పక్కనున్న కార్లన్నిటికీ ఉన్నట్టే ఆమె దానికీ కవరు కుట్టింది. ఆ కవరు లోపల మిషను, దీపం, ఆమె. బట్టలిచ్చేవాళ్లు వెనక చక్రం ఉండాల్సిన చోట వంగి లోపలికి దూరేవారు.

మర్నాటి నుంచి లిఫ్టులో మాస్టారికి నమస్కారాలు మొదలయ్యాయి. "ఇంజను శబ్దం భేషుగ్గా ఉందండీ. మైలేజీ ఎంతిస్తోంది?" అని అధ్యక్షుడు అడిగితే, "రోజుకు ఆరు చొక్కాలు" అనబోయి మాస్టారు నాలిక్కరుచుకున్నాడు.

అయితే కొత్త కోశాధికారికి అనుమానం వచ్చింది. ఇంజను ఆడుతోంది, బండి కదలదేం? సర్వసభ్య సమావేశంలో లేచి, మాస్టారి కవరు ఎత్తి తనిఖీ చేయాలన్నాడు. మాస్టారు భార్య వైపు చూశాడు. మిషను ఎక్కడ పెట్టాలి, ఏం తినాలి?

భార్య ఉక్రోషం పట్టలేక లేచింది. "ఎత్తండి, అందరివీ ఎత్తండి! పెద్దవారితోనే మొదలుపెడదాం. ముందు అధ్యక్షులవారిది."

గుమ్మడికాయల దొంగ అన్నట్టు అధ్యక్షుడు భుజాలు తడుముకున్నాడు. హాల్లో మిగతావారి చేతులూ భుజాల మీదికే పోయాయి.

"సభ్యులారా! కవరు అనగా వస్త్రము. పరుల వస్త్రము ఎత్తి చూచుట మన సంస్కారమేనా?" అని గర్జించాడు అధ్యక్షుడు. చప్పట్లు మార్మోగాయి. ఎవరి కవరూ ఎవరూ ఎత్తరాదన్న తీర్మానాన్ని కోశాధికారే బలపరిచాడు.

ఆ వారం నుంచి ఒక్కొక్కరే వచ్చి, "మా కవరు చిరిగిందమ్మా, ఎవరూ లేనప్పుడు కొలతలు తీసుకో" అనసాగారు. ఆమె టేపు పట్టుకుని అందరి కవర్ల కిందికీ దూరింది. అధ్యక్షుడి కవరు కింద రెండు నీళ్ల డ్రమ్ములూ పాత సోఫా ఉన్నాయి. కోశాధికారి కవరు కింద విరిగిన మంచం. ఆమె ఎవరితోనూ అనలేదు. చేతినిండా పని.

ఇప్పుడు పొద్దున్నే బస్టాపులో వాళ్లంతా ఎవరికెవరూ తెలియనట్టు తలో దిక్కు చూస్తూ నిలబడతారు. మాస్టారు ఒక్కడే అందరినీ పలకరిస్తాడు.

మీకు నవ్వొస్తోంది. నవ్వండి. మీ కవరు కొలతలు కూడా ఆమె దగ్గరే ఉన్నాయి.